వెయ్యీ పన్నెండు

తొమ్మిదో రోజు.
నేలమాళిగలో డ్రమ్ము మూతమీది గొట్టంలో
నీటిబుడగ
నిన్న నిమిషానికొకటి లేచేది.
ఇవాళ నేను రెండు సిగరెట్లు కాల్చేలోపు ఒకటి.

మెట్లకింద బంగాళాదుంపల మట్టివాసన.
దానిమీద అరటిపండు, ఆపైన లవంగం.
బవేరియాలో మా ఊళ్లో అరటి కాయదు,
లవంగం పూయదు.
గోధుమల్లోంచి ఈస్టు వాటిని ఎక్కణ్ణించి దించుకుంటుందో!
ముప్ఫయ్యొక్కేళ్లు రైళ్లకు సిగ్నలిచ్చినా
నాకు అంతుపట్టని రాకపోకల్లో అదొకటి.

పుస్తకం పదిరోజులంటుంది.
సామాన్లమ్మే కొట్టులో పిల్ల
వారం చాలు తాతా అంటుంది.
మా అక్క ఆఫ్రా మాత్రం
"పంచాంగాన్నేం అడుగుతావురా, దాన్నే అడుగు" అని
హైడ్రోమీటరు చేతిలో పెట్టి
తన కోళ్లదగ్గరికి పోయింది.

అడిగాను.
మొదటిరోజు వెయ్యీ యాభై దగ్గర
నడుంలోతు నీళ్లలో పిల్లాడిలా
బయటికే తేలి నిలబడింది గాజుపుల్ల.
తీపి తరిగేకొద్దీ మెల్లగా మునిగింది.
నిన్న వెయ్యీ పన్నెండు.
ఇవాళా వెయ్యీ పన్నెండు.
రెండుసార్లు ఒకే మాట చెప్పినవాణ్ణి
నమ్మొచ్చా?

రెండేళ్లకిందట ఆరోరోజే సీసాలకెత్తాను.
పక్కింటి క్విరిన్ కూతురి నిశ్చితార్థానికి
నా బీరే పోస్తానని మాటిచ్చాను మరి.
నురగ పడిపోయింది, బుడగ ఆగింది,
అయిపోయిందనుకున్నాను.
చలికి ముడుచుకు పడుకున్నదాన్ని
చచ్చిందనుకున్నాను.

ఎండలు ముదిరాక అది లేచింది.
రాత్రి రెండింటికి మొదటి సీసా పేలింది.
నాలుగింటికల్లా పదిహేడు.
రెండిళ్లకూ ఒకటే నేలమాళిగ మాకు.
ఇన్ నది ఇంట్లోకొచ్చిన ఏళ్లన్నీ
గోడమీద గీతలుగా ఉన్నాయి.
అన్ని వరదల్నీ తప్పించుకున్న
క్విరిన్ తండ్రి అకార్డియన్
నా బీరులో తడిసింది.
మడతమడతలోనూ గాజుపెంకులు.

మర్నాడు అతనేమీ అనలేదు.
నేనూ ఏమీ అనలేదు.
అనాల్సిందంతా ఎవరిది వాళ్లం
మూత బిగించి దాచుకున్నాం.
నిశ్చితార్థానికి బీరు కొట్టునించి వచ్చింది.

ఎర్రదీపం ముందు రైలు ఆగినప్పుడు
డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టేవాడు.
అతనికి ముందున్న పట్టా ఖాళీయే.
వంపు అవతల ఏముందో
కేబిన్‌లో కూర్చున్న నాకే తెలుసు.
ఇప్పుడు హారన్ కొట్టేది నేను.
కేబిన్ ఈ డ్రమ్ములో ఎక్కడో ఉంది.

పదోరోజు చలిగాలి వీచింది.
థర్మామీటరు పదహారుకు జారితే
డ్యూటీ కోటు తెచ్చి డ్రమ్ముకు చుట్టాను,
గుండీలు కూడా పెట్టాను.
ఆఫ్రా చూసి నవ్వింది,
నువ్వే నిలబడ్డట్టుందిరా అని.

పదకొండోరోజు. వెయ్యీ పన్నెండు.
ఇరవయ్యెనిమిది సీసాలు కడిగి బోర్లించాను.
చక్కెర తూచాను, మూతలు మరిగించాను.
గొట్టం నోట్లో పెట్టుకోబోతుంటే
మెట్లమీద అడుగులు.

దుంపలకోసం వచ్చాడు క్విరిన్.
మామూలుగా నేనుంటే దిగడు.
సంచి నింపుకుని వెళ్లబోతూ ఆగాడు.
"ఎన్నో రోజు?"
కోటు తొడుక్కున్న డ్రమ్మునే అడిగినట్టు అడిగాడు.

"పదకొండు. మూడురోజులుగా అదే అంకె."

వంగి మూతదగ్గర వాసన చూశాడు.
గోడవారన అకార్డియన్ ఉండే ఖాళీ వైపు
ఓసారి చూశాడు.
"ఇంకో రెండురోజులు ఉంచు."

అక్కర్లేదు.
అంకె కదలడం మానేసింది,
నోటిలో తీపి లేదు,
పుస్తకమూ ఆఫ్రా కూడా ఒప్పుకుంటారు.
"సరే" అన్నాను.

అతను ఎక్కుతుంటే నాలుగోమెట్టుమీద
సంచిలోంచి ఒక దుంప జారి
దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుకు తగిలింది.
వెనక్కి చూశాడో లేదో, చీకటి.
ఎల్లుండి అడుగుతాడేమోనని
దుంపను తుడిచి
డ్రమ్ము పక్కన పెట్టాను.